పగడము: మణియు, ప్రాణియు

తిరుత్తణి సుబ్రహ్మణ్యేశ్వరుని కుజదోషశాంతికై సేవింపవచ్చు తెలుగు యాత్రికులలో పలువురి వ్రేళ్ళకు పగడపుటుంగరము కానవచ్చుచుండును. అంగారకునకు పగడము ప్రీతికరమని జ్యోతిషము. మన యిండ్లలో నల్లపూసల నడుమ పగడము గ్రుచ్చుటయు నెల్లరెఱిగినదే. నవరత్నములలో జేరిన ఈ యెఱ్ఱని పూస ఱాయి కాదు, చెట్టు కాదు. చిఱుప్రాణులు కలసి కట్టుకొనిన యిల్లు. అది మన సీమకు ఎచ్చటనుండి వచ్చినది, దాని దాయాదులను నేడు గాజుతొట్టిలో సజీవముగా పెంచుట ఎట్లు సాధ్యమైనది అను విషయములను ఇచ్చట విచారింతును.

కాకతి గణపతిదేవుడు క్రీ.శ. 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనములో సుంకము విధింపబడిన సరకులలో చందనము, కర్పూరము, ముత్యములతోపాటు పగడమును పేర్కొనబడినది. అనగా నాటికే అది ఓడలపై వచ్చెడి సరకు. 17వ శతాబ్దిలో చెన్నపట్టణమున స్థిరపడిన యూదు వర్తకులు మధ్యధరా సముద్రపు పగడమును లివోర్నో, లండను రేవుల మీదుగా తెప్పించి, మారుగా గోలకొండ వజ్రములను ఎగుమతి చేయుచుండిరి. ఆ వజ్రములు కృష్ణాతీరమున కొల్లూరు మున్నగు గనులలో మన తెలుగునేల గర్భమునుండి తీసినవి. జార్జిటౌనులోని పవళక్కార వీధి నేటికిని ఆ వర్తకమును జ్ఞప్తికి దెచ్చుచున్నది. వర్తకులు పోయిరి, పేరు మిగిలినది. వజ్రమిచ్చి పగడము గొన్న బేరములో లాభమెవరిదో పాఠకులే యూహింపవచ్చును.

మన సముద్రమున పగడము లేదా యని అడుగవచ్చును. ప్రళయకావేరి యని మనవారు పిలిచెడి పులికాటు సరస్సు దక్షిణభాగము తిరువళ్ళూరు జిల్లాలోనిది. డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను కట్టినది దాని యొడ్డుననే. సముద్రమింత చేరువ నుండియు ఈ తీరమున పగడపు దిబ్బలు లేవు. ఆరణి, కాళంగి నదులు వానకాలమున మంచినీరు తెచ్చి సరస్సున గలుపును. వేసవిలో అదే సరస్సు ఉప్పుగుండమగును. బంగాళాఖాతమునకు మహానదులు మోసికొనివచ్చు ఒండ్రు వేఱొక యడ్డంకి. దిబ్బలు కట్టెడి పగడమునకు మార్పులేని ఉప్పు, తేటనీరు, ధారాళమైన వెలుగు కావలెను. కావున దిబ్బలను జూడదలచినవారు దక్షిణముగా మన్నారు సింధుశాఖకు పోవలసినదే.

పగడము ప్రాణి యను సంగతి గాజుపాత్రలోనే బయటపడుట విశేషము. 1706లో మార్సీలీ యను ఇటలీ పండితుడు పగడపు కొమ్మను సముద్రజలమున నుంచి, దానిపై తెల్లని పూవులు విచ్చుట చూచి, ఇది మొక్కయే యని ఆనందించెను. ఫ్రాన్సు దేశీయుడగు పేసొనెల్ 1720ల దశకమున ఆ పూవులు పూవులు కావు, ప్రాణులని నిరూపించెను. పారిసు పండితులు నమ్మలేదు సరిగదా, నవ్వులపాలగునని రేమూర్ అతని పేరునైనను బయటపెట్టడాయెను!

సజీవమైన పగడమును ఇంట చిరకాలము పోషించిన కీర్తి ఆనా థిన్ అను ఆంగ్లవనితది. ఆమె 1846లో టార్కీ తీరమునుండి రాతిపగడములను లండనునకు దెచ్చెను. సముద్రము దూరము గనుక నీటిని మార్చుట దుర్లభము. అందువలన ఒక పాత్రనుండి వేఱొక పాత్రకు నీటిని మాటిమాటికి పోయించి గాలి కలుపుచు, సముద్రపు నాచును తోడుగా నుంచి, వానిని ఏండ్ల తరబడి బ్రదికించెను. మనవారు కాచిన పాలను తిరుగబోసి చల్లార్చునట్టిదే ఆ పద్ధతి. 1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్, జీవజాలముతో నిండిన సముద్రపు ఱాళ్ళను తొట్టిలో నుంచినచో అవియే నీటిని శుద్ధిచేయునని చాటెను. 1980ల దశకమున బెర్లిను అభిరుచిపరులు ఆ మార్గమును పెంపొందించి, కొమ్మను విఱిచి ఱాతికంటించి క్రొత్త పగడమును పెంచు విద్యను ఊరూర వ్యాపింపజేసిరి.

మెడలోని ఎఱ్ఱపగడము చీకటిలోతులలో పెరుగునది. తొట్టిలోని పగడము వెలుగును కోరునది. దాని శరీరమున నివసించు సూక్ష్మమైన నాచు ఎండ నాహారముగా మార్చి యిచ్చును. రెంటికిని భాష ఒకే పేరిచ్చినను, ప్రకృతి వేఱు.

తిరువళ్ళూరున గాని తిరుత్తణిలో గాని ఇట్టి తొట్టి నిలుపుట సులభము కాదు. లీటరు నీటిలో ఉప్పు సుమారు 35 గ్రాములుండవలెను. నీరు ఆవిరియైనప్పుడు ఉప్పు మిగిలిపోవును గనుక, తఱిగిన నీటికి బదులు మంచినీటినే పోయవలెను. ఉప్పునీరు పోయుట తొలిదినములలో పలువురు చేయు పొరపాటు. 1996లో పూండి జలాశయమునకు చేరిన కృష్ణాజలమైనను, బావినీరైనను శుద్ధిచేయక వాడరాదు. ఇక ఉష్ణమా! చిత్తూరు జిల్లాలో నున్నప్పుడును, 1960 ఏప్రిలు 1న మదరాసు రాష్ట్రమున చేరిన పిమ్మటను తిరుత్తణి యెండ యొక్కటియే. తొట్టినీరు 26 డిగ్రీల దరిదాపుల నుండవలసియుండగా, వేసవి మధ్యాహ్నమున విద్యుత్తు పోయి చల్లార్చు యంత్రమాగినచో, నాచు శరీరమును వీడి పగడము తెల్లబాఱును. మన్నారు సింధుశాఖలో 1998, 2010, 2016 సంవత్సరములలో సముద్రమే వేడెక్కి ఇట్లే జరిగినది.

చట్టమును తెలిసికొనక ఈ పనికి పూనుకొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో 2001లో రాతిపగడములన్నియు చేర్పబడినవి. మన కడలినుండి వానిని తీయుట, అమ్ముట నేరము. ఈ నిషేధము కఠినమని కొందఱు అభిరుచిపరులు సణుగుదురు. అది న్యాయమే యని నా యభిప్రాయము. తూత్తుకుడి ప్రాంతమున దశాబ్దములపాటు పగడపు దిబ్బలను పగులగొట్టి సున్నమునకు వాడిరి. ఆ సింధుశాఖలోని 21 దీవులలో పూవరసన్‌పట్టి, విలంగుచల్లి అను రెండు నీట మునిగిపోయినవి.

తొట్టిలో పుట్టిన విద్యయే ఇప్పుడు సముద్రమునకు తిరిగి ఉపకరించుచున్నది. తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థవారు 2002 నుండి పగడపు ముక్కలను సిమెంటు పలకలకు కట్టి, పాడైన దిబ్బలపై నాటుచున్నారు.