టొరంటో అన్న మాట పూర్తికాకముందే

ఇంటర్‌స్టేట్ 5 మీద కోలింగా దగ్గర ఉన్నాం. రోడ్డు పక్కన కనుచూపుమేరా పశువుల దొడ్లు. అద్దాలు బిగించుకున్నా వాసన లోపలికి వచ్చేసింది. వెనక సీట్లో, నా పక్కన, వదిన చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ముందు సీట్లో ఉన్న ఆవిడ భర్తకు మాత్రం ఇవేవీ పట్టడం లేదు. డాష్‌బోర్డు మీద రెండు చేతులతో వాయిస్తున్నాడు. చిన్నప్పుడు విజయనగరంలో మృదంగం నేర్చుకున్నాడు కాబట్టి మాలో వాడి పేరు మృదంగమే. అసలు పేరుతో పిలిస్తే పలకడం మానేసి చాలా కాలమైంది.

స్టీరియోలో కెనడా రాక్ బృందం రష్ వాళ్ళ 'వైవైజెడ్' మోగుతోంది. 1981 నాటి 'మూవింగ్ పిక్చర్స్' ఆల్బమ్‌లోది, మాటలుండవు, వాద్యాలే. టొరంటో విమానాశ్రయం కోడ్ అది. ఆ మూడక్షరాల మోర్స్ సంకేతాన్నే తీసుకుని ఆరంభపు దరువుగా మలిచారు.

"గీతకు రెండు, చుక్కకు ఒకటి వేసుకో," అంటున్నాడు మృదంగం నా వైపు తిరిగి. "వై అంటే గీత, చుక్క, గీత, గీత. ఎంత? ఏడు. మిశ్రం! ఇంకో వై, మళ్ళీ ఏడు. జెడ్ అంటే రెండు గీతలు, రెండు చుక్కలు. ఆరు. మొత్తం ఇరవై. నాలుగేసి చొప్పున ఐదు దెబ్బలు. చూడు, ఎలా వచ్చి సమం మీద పడుతుందో!"

"ఏవండీ, వారమంతా ఆఫీసులో చేసే లెక్కలు చాలవా?" అంది వదిన.

ఆవిడ రష్ కోసం రావడం లేదు. ఇవాళ రష్‌కు సన్మానం జరిగే వేదిక మీదే క్విన్సీ జోన్స్‌కు కూడా సన్మానం. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వెనక ఉన్న నిర్మాత. "మీ ముగ్గురి గోల నేను భరిస్తాను, ఆయన వచ్చినప్పుడు మీరు నోరెత్తకూడదు," అని బయల్దేరే ముందే ఒప్పందం చేసుకుంది.

బండి నడుపుతున్నవాడు వరంగల్ మిత్రుడు. వాడికి రష్ అంటే ఇష్టం, డీప్ పర్పుల్ అంటే ప్రాణం. ఈ ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ నామినేషన్లలో రెండు బృందాలూ ఉన్నాయి. రష్ ఎంపికైంది, డీప్ పర్పుల్ కాలేదు. ఫ్రీమాంట్‌లో బండెక్కినప్పటి నుంచీ ఆ ఊసు మేమెవరం ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

ఇవాళ 2013 ఏప్రిల్ 18, గురువారం. సాయంత్రం లాస్ ఏంజిలిస్ నోకియా థియేటర్‌లో రష్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంటున్నారు. సెలవు కాగితంలో కారణం దగ్గర 'కుటుంబ వేడుక' అని రాసి వచ్చాను. అబద్ధం రాశానని నాకు అనిపించలేదు.

మొదటి రికార్డు వచ్చి పాతికేళ్ళు నిండితే ఈ గౌరవానికి అర్హత వస్తుంది. రష్ మొదటి ఆల్బమ్ 1974లో వచ్చింది. అంటే గత శతాబ్దం ముగిసేనాటికే అర్హత వచ్చేసింది. ఆ తర్వాత ఏటా జాబితా వచ్చేది, వీళ్ళ పేరు ఉండేది కాదు. గాయకుడు గెడ్డీ లీ గొంతు కీచుమంటుందని విమర్శకులు అనేవారు. ఒక్కో పాటను ఇరవై నిమిషాలు సాగదీస్తారనేవారు. డ్రమ్మర్ నీల్ పియర్ట్ రాసే పాటలు సైన్సు ఫిక్షన్ నవలల్లా ఉంటాయనేవారు. అన్నీ నిజమే. మేం ప్రేమించింది కూడా వాటినే.

దక్కాల్సినవాడికి దక్కని గౌరవం గురించి వాదించడం తెలుగువాళ్ళకు ఒకరు నేర్పాలా? ఎస్వీ రంగారావుకు పద్మశ్రీ అయినా ఇవ్వలేదన్న మాట మా ఇంట్లో భోజనాల దగ్గర వింటూ పెరిగాను. ఆ వెంటనే సావిత్రి పేరు వచ్చేది. ఆ ఫిర్యాదులో ఒక సుఖం ఉందని అప్పట్లోనే కనిపెట్టాను. మా నాన్న ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కోపం తక్కువ, గర్వం ఎక్కువ కనిపించేది. లోకం గుర్తించని గొప్పతనాన్ని తాను గుర్తించానన్న గర్వం. రష్ విషయంలో నేనూ ఇన్నాళ్ళూ దాని మీదే బతికాను.

ఈసారి హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు మొదటిసారిగా జనాన్ని కూడా ఆన్‌లైన్‌లో ఓటెయ్యమన్నారు. రష్ మొదటి స్థానంలో నిలిచింది. అయితే జనం ఓట్లన్నీ పోగేస్తే ఎంపిక లెక్కలో ఒక్క బ్యాలెట్టు. మిగిలిన వందల బ్యాలెట్లూ సంగీత రంగంలోని పెద్దలవి. కాబట్టి గెలిపించింది మేమేనని చెప్పుకోవడానికి వీల్లేదు. చెప్పుకోకుండా ఉండటం అంతకంటే కష్టం.

గ్రేప్‌వైన్ కొండదారి ఎక్కుడు మొదలైంది. ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపుకోమని బోర్డు. వరంగల్ ఆపేశాడు, అద్దాలు దించాం. ఏప్రిల్ కాబట్టి కొండలు ఇంకా పూర్తిగా ఎండిపోలేదు. టెహోన్ కనుమ నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది. అది దాటి దిగుతుంటే ముందు లారీల బారు, ఆ తర్వాత లాస్ ఏంజిలిస్ ట్రాఫిక్. మృదంగం చేతులు ఆగిపోయాయి. "మొదలుపెట్టేస్తారేమోరా," అన్నాడు.

మొదలుపెట్టలేదు. ఫిగరోవా వీధిలో స్టేపుల్స్ సెంటర్ ఎదురుగా జనం గుంపులు గుంపులుగా ఉన్నారు. మావాళ్ళను గుర్తుపట్టడానికి క్షణం పట్టదు. నల్ల టీషర్టు, దాని మీద ఎర్ర నక్షత్రం ముందు నిలబడ్డ నగ్న పురుషుడి బొమ్మ. వీపు మీద ఏ ఏటి యాత్ర తేదీలున్నాయో చూసి ఒకరితో ఒకరు వరసలు కలుపుకుంటున్నారు. చాలామంది నలభైలు, యాభైలు దాటినవాళ్ళు. పక్కన కొడుకులు. టొరంటో నుంచి వచ్చానన్న ఒకాయన మా నలుగురినీ ఎగాదిగా చూసి, ఇండియాలో రష్ వింటారా అని అడిగాడు.

"నలుగురిలో ముగ్గురు వింటారు," అంది వదిన ఇంగ్లీషులో. ఆయన పెద్దగా నవ్వి ఆవిడకు చెయ్యి అందించాడు.

కాసేపటికి ఆవిడ థియేటర్ లోపలికి వెళ్ళి చూసొచ్చి, ఆశ్చర్యంగా చెప్పింది. "ఇంత జనమున్నారు, ఆడవాళ్ళ బాత్‌రూమ్ దగ్గర క్యూ లేదు. మీ బృందంలో నాకు నచ్చిన మొదటి సంగతి ఇదే."

ఏడు వేల మంది పట్టే థియేటర్. కింద ముందు వరసల్లో సంగీత వ్యాపారంలో పెద్దలు. టికెట్టు కొనుక్కున్న మాబోటివాళ్ళం పైన. దీపాలు తగ్గాయి. స్వాగతం పలకడానికి వచ్చినాయన హాల్ ఆఫ్ ఫేమ్ స్థాపకుల్లో ఒకరు, రోలింగ్ స్టోన్ పత్రిక అధిపతి జాన్ వెన్నర్. ఇన్నేళ్ళ కోపమంతా పై వరసల నుంచి ఒక్కసారి కిందికి దిగింది. ఊళలు, అరుపులు. నేనూ అరిచాను. ఆయన తొణకకుండా సన్మానితుల గురించి చెప్పుకుంటూ పోయాడు. టొరంటో అన్నాడు.

ఆ మాట పూర్తికాలేదు. నా ముందు వరస లేచింది, మేం లేచాం, వెనక ఎవరో నా భుజం పట్టుకుని లేచారు. పిడికిళ్ళు గాల్లోకి లేచాయి. ఆయన మాట్లాడబోతే మళ్ళీ హోరు. మా ఊరి గదిలో తలుపేసుకుని హెడ్‌ఫోన్లలో విన్న సంగీతం ఇది. కాలేజీలో ఎవరికి వినిపించినా రెండు నిమిషాల్లో ఆపెయ్యమనేవారు. ఇలా తలుపులు వేసుకుని విన్నవాళ్ళం ఇంతమందిమా? పక్కన చూస్తే మృదంగం అరవడం లేదు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత గంటలు గడిచాయి. చాలా గంటలు. రాండీ న్యూమన్, హార్ట్, పబ్లిక్ ఎనిమీ. కిందటేడు పోయిన డోనా సమ్మర్ పాటలను జెన్నిఫర్ హడ్సన్ పాడింది. ఓప్రా విన్‌ఫ్రీ వచ్చి క్విన్సీ జోన్స్‌ను పిలిచింది. ఎనభై ఏళ్ళ మనిషి. వదిన నిటారుగా కూర్చుంది. అషర్ 'రాక్ విత్ యూ' ఎత్తుకోగానే ఆవిడ లేచి నిలబడి ఆడింది, కాకినాడలో అన్నయ్య దాచిపెట్టిన క్యాసెట్టును దొంగతనంగా వింటూ ఆడినట్టే ఆడానని తర్వాత చెప్పింది. ఒప్పందం ప్రకారం మేం నోరెత్తలేదు.

అందరికంటే చివర రష్. ముందుగా ఫూ ఫైటర్స్ నుంచి డేవ్ గ్రోల్, టేలర్ హాకిన్స్ వచ్చారు. వాళ్ళు మాట్లాడుతున్నది సాటి అభిమానుల భాషలో. 1975లో వచ్చిన రష్ ఆల్బమ్ ఒకటి సరిగా ఆడకపోతే, చిన్న చిన్న పాటలు చెయ్యమని రికార్డు కంపెనీ ఒత్తిడి పెట్టింది. వీళ్ళు ముగ్గురూ 1976లో ఒక పక్కంతా ఒకే కథ నడిచే '2112' చేసిచ్చారు. అదే వాళ్ళను నిలబెట్టింది. ఆ కథ తెలియనివాళ్ళు ఈ హాలు పై వరసల్లో లేరు.

ముగ్గురూ నడిచి వస్తున్నారు. గెడ్డీ తల్లిదండ్రులు పోలండ్ యూదులు, నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడి కెనడా చేరినవాళ్ళు. గిటారిస్టు అలెక్స్ లైఫ్‌సన్ తల్లిదండ్రులు యుగొస్లావియా నుంచి వచ్చినవాళ్ళు. వలస వచ్చిన ఇళ్ళలోని ఈ ఇద్దరు పిల్లలూ టొరంటో శివారు బళ్ళో స్నేహితులయ్యారు. నీల్ పియర్ట్ తండ్రి దుకాణంలో వ్యవసాయ యంత్రాల విడిభాగాలు అమ్ముతూ 1974లో వీళ్ళతో చేరాడు. 1997లో కూతురు, మరుసటేడు భార్య పోతే, డ్రమ్ములు వదిలేసి మోటారు సైకిలు మీద ఉత్తర అమెరికా అంతా తిరిగాడు. ఆయన మళ్ళీ వాయించే దాకా మిగతా ఇద్దరూ ఎదురుచూశారు. సభలంటే ఇష్టపడని ఆయనే ఇప్పుడు ముందుగా మైకు దగ్గరికి వచ్చాడు. ఈ గౌరవం పెద్ద విషయం కాదని ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాం, తీరా చూస్తే పెద్ద విషయమేనన్నట్టుంది అన్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. నేనూ సరిగ్గా అదే చెబుతూ వచ్చాను.

గెడ్డీ కుటుంబాలకు, అభిమానులకు కృతజ్ఞతలు చెప్పాడు. తర్వాత అలెక్స్ మైకు ముందుకొచ్చాడు.

"బ్లా," అన్నాడు. "బ్లా బ్లా. బ్లా బ్లా బ్లా."

నవ్వారు. ఆయన ఆపలేదు. అదే మాట, ఇంకో మాట లేదు. ఒక నిమిషమైంది. నవ్వులు తగ్గాయి, కింద పెద్దల వరసల్లో తలలు ఒకదానివైపు ఒకటి తిరిగాయి. వెనక నిలబడ్డ గెడ్డీ, పియర్ట్ ముఖాలు చూస్తే వాళ్ళకూ ఇది ముందు తెలియదని అర్థమవుతోంది. అలెక్స్ చేతులు ఊపుతున్నాడు, ఫోన్ ఎత్తినట్టు చేస్తున్నాడు, గొంతు పెంచుతున్నాడు, తగ్గిస్తున్నాడు, వెనకున్న ఇద్దరినీ చూపిస్తున్నాడు. అయిపోయిందనుకుంటే మళ్ళీ అందుకుంటున్నాడు.

"ఏమైందాయనకు?" అంది వదిన.

"కథ చెబుతున్నాడే," అన్నాడు మృదంగం, కళ్ళు తిప్పకుండా. "కబురు రావడం, ఇన్నేళ్ళు ఊరూరా తిరుగుడు, మోసిన బరువులు, అన్నీ. విను, ఎక్కడ నిలుపుతున్నాడో, ఎక్కడ ఎత్తుతున్నాడో."

అప్పుడు నాకూ వినబడింది. గౌరవం ఇవ్వనన్నాళ్ళూ ఇవ్వనివాళ్ళు చెప్పిన కారణాలు, ఇచ్చాక పొగుడుతూ చెప్పే కారణాలు, నేను మిత్రులతో రాత్రిళ్ళు చేసిన వాదనలు, అన్నిటినీ కలిపి ఆ మనిషి ఒక్క మాటలో ఊడ్చేస్తున్నాడు. ముగించి నవ్వుతూ వెనక్కి నడుస్తుంటే మేం లేచి కొట్టిన చప్పట్లలో నా ఫిర్యాదు కూడా ఎటో పోయింది.

తెర తొలగితే వేదిక మీద వేరే ముగ్గురు. పొడవాటి విగ్గులు, డెబ్బైల నాటి పట్టు అంగరఖాలు. గ్రోల్, హాకిన్స్, రష్ ఆల్బమ్‌లకు పనిచేసిన నిర్మాత నిక్ రాస్కులినెక్జ్. '2112' ఆరంభ సంగీతం వాయిస్తున్నారు. వెక్కిరింపు కాదు, పెళ్ళిలో తాతయ్య పాత పంచె కట్టుకుని మనవలు చేసే అల్లరి. అసలువాళ్ళు వచ్చి కలిశారు. ఆ తర్వాత 'టామ్ సాయర్'. మధ్యలో లయ నాలుగు నుంచి ఏడుకు మారే చోటు వస్తుంది. మృదంగం చెయ్యి నా భుజం మీద పడింది. తకిట తకధిమి, తకిట తకధిమి. పియర్ట్ ఎక్కడ కొడితే వీడి వేళ్ళు అక్కడ పడుతున్నాయి. ఏడు వేల మంది గాల్లో డ్రమ్ములు వాయిస్తున్నారు. వదిన కూడా. ఆవిడ లెక్క తప్పుతోంది, ఆపడం లేదు.

అర్ధరాత్రి దాటాక బయటపడ్డాం. ఫిగరోవా మీద కాస్త నడిస్తే ఒరిజినల్ ప్యాంట్రీ, 1924లో పెట్టిన హోటలు, అప్పట్లో రాత్రీ పగలూ తెరిచే ఉండేది. లోపల సగం బల్లల మీద ఎర్ర నక్షత్రాలే. టొరంటో ఆయన చెయ్యి ఊపి తన బల్లకు మా కుర్చీలు లాగించాడు. బంగాళదుంపల వేపుడు, గుడ్లు, కాఫీ వచ్చాయి. కాసేపు అలెక్స్ ప్రసంగాన్ని తలా ఒకలా చేసి చూపించుకున్నాం. ఆ తర్వాత మాటలు తగ్గాయి. ఇన్నాళ్ళూ ఇలాంటి బల్ల దగ్గర కూర్చుంటే మొదట వచ్చే విషయం ఒకటుండేది, ఇప్పుడది లేదు. ఏం మాట్లాడుకోవాలో ఎవరికీ తోచడం లేదు.

వరంగల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. పొద్దుటి నుంచి వాడు మాట్లాడింది పది మాటలు ఉంటాయేమో.

"అంతా మంచిగైంది గని," అన్నాడు, "మావోళ్ళ సంగతేంది మరి? డీప్ పర్పుల్ లేకుంట అదేం హాల్‌రా?"

ఒక్క క్షణం ఆగి టొరంటో ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన బల్ల మీద చేత్తో చరిచాడు. "యెస్ బృందం సంగతో?" అన్నాడు. పక్క బల్ల నుంచి ఇంకెవరో ఇంకో పేరు అందించారు. మృదంగం కుర్చీ ముందుకు లాక్కుని, హార్డ్ రాక్‌లో ఆర్గన్ వాయించినవాళ్ళల్లో డీప్ పర్పుల్ జాన్ లార్డ్‌కు సాటి ఎవరో చెప్పమని అందరినీ నిలదీశాడు. వరంగల్ ముఖం ఈ రోజు మొదటిసారిగా విచ్చుకుంది.

వదిన కాఫీ తెచ్చే అతన్ని పిలిచింది. "ఇంకో విడత పొయ్యి నాయనా," అని తెలుగులోనే అనేసింది. "వీళ్ళు ఇప్పట్లో లేవరు."