చిత్రభాను నామ సంవత్సరంలో ఒక చిన్న దేశం

‘దేశం’ అన్న మాటను మనమిప్పుడు భారతదేశమన్న అర్థంలోనే ఎక్కువగా వాడుతున్నాము. పూర్వులకు అది అంత పెద్ద మాట కాదు. వెలనాడు, పాకనాడు, రేనాడు – ఇవన్నీ వారి దృష్టిలో దేశాలే. తొలి తెలుగు శాసనాలను వేయించిన రేనాటి చోళుల ఏలుబడిలోని నేల మాది. ఎర్రమల, నల్లమల కొండల నడుమ కుందేరు పారే ఈ నేల మీద, నంద్యాలకు నలభై కిలోమీటర్ల లోపే, 1948 దాకా నిజంగానే ఒక చిన్న దేశముండేది. అదే బనగానపల్లె సంస్థానం.

బనగానపల్లె అనగానే నేటివారికి మామిడిపండు గుర్తుకు వస్తుంది. 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. సంస్థానం సంగతి మాత్రం మా పిల్లలకు తెలియదు. దాని వైశాల్యం 250 చదరపు మైళ్లకు పైచిలుకు. 1901 జనాభా లెక్కల ప్రకారం అక్కడి ప్రజలు 32,264 మంది. నవాబుకు తొమ్మిది తుపాకుల వందనం, సొంత న్యాయస్థానాలు, సొంత రెవెన్యూ యంత్రాంగం ఉండేవి. కప్పం కట్టే పని లేదు, సైన్యమూ లేదు. 1922 నుండి విలీనం వరకు మీర్ ఫజ్లె అలీఖాన్ నవాబు. ఆయనపై తెల్లదొరల అజమాయిషీ రెసిడెంటు ద్వారా సాగేది.

చుట్టూ ఉన్నది కర్నూలు జిల్లా. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలు కూడా ఒకప్పుడు కర్నూలు నవాబు రాజ్యంలోనివే. 1839లో కుంపిణీవారు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకొని ఆ రాజ్యాన్ని కలుపుకొన్నారు. బనగానపల్లె మిగిలిపోయింది. ఇరువైపులా అదే నల్లరేగడి, అదే జొన్న, అదే పత్తి, అదే మాట, అవే వియ్యాలు. ఇటువంటి చోట ఎల్ల ఒకటున్నదంటే దానికి అర్థమేమి? ఈ ప్రశ్నకు చిత్రభాను నామ సంవత్సరం చక్కని సమాధానం చెప్పినదని నాకు అనిపిస్తుంది. అనగా 1942 ఉగాది మొదలు 1943 ఉగాది వరకు నడచిన కాలం.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. ప్రజాప్రతినిధులను అడగలేదు. దానికి నిరసనగా ఆ అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. కనుక చిత్రభాను వచ్చేనాటికి బనగానపల్లెలో నవాబు పాలన, నంద్యాలలో గవర్నరు పాలన. ఎటు చూచినా ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వం లేదు.

ఆ ఉగాదికి కొద్ది రోజుల ముందే, మార్చి 8న, రంగూను జపానువారి వశమైంది. ఏప్రిల్ 6న విశాఖపట్టణం, కాకినాడల మీద బాంబులు పడ్డవి. మద్రాసు నగరం సగం ఖాళీ అయినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలిపోయింది. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న మా సీమలో బాంబు పడలేదు. యుద్ధం ఇక్కడికి వేరే దారులలో వచ్చింది.

మొదటి దారి వంటింటిది. అంతకు ముందు బర్మానుండి ఏటా పదిలక్షల టన్నులకు పైగా బియ్యం మన దేశానికి దిగేది. ఆ రాక ఆగిపోయింది. మాకు జొన్నసంగటి, కొర్రన్నమే నిత్యభోజనం గనుక బర్మా బియ్యంతో మాకేమి పని అనిపించవచ్చు. బియ్యం కరవైనప్పుడు జొన్న ధర ఊరుకోదు. కె.సి. కాలువ కింద వరి పండే నంద్యాల గింజలకు గిరాకి పుట్టింది. గిరాకి పుట్టినచోట కొనలేనివాడి కష్టమూ పుడుతుంది. కిరసనాయిలు కూడా అధికభాగం బర్మాదే. ఆముదపు దీపాలు మళ్లీ గూళ్లలోకి వచ్చినవని మా పెద్దలు చెప్పుకొనేవారు.

రెండవ దారి చేనిది. పొట్టిపింజ పత్తికి జపాను మిల్లులు పెద్ద కొనుగోలుదారులు. 1941లో ఆ వ్యాపారం తెగిపోయింది. 1942లో ప్రభుత్వమే పత్తి తగ్గించి తిండిగింజలు పెంచండని ప్రచారం మొదలుపెట్టింది. 1906 నుండి పత్తి మీద పరిశోధన జరుగుతున్న నంద్యాల వంటి చోట ఇది చిన్న మాట కాదు. పన్నుకు, పెళ్లికి, అప్పుకు రొక్కమిచ్చే పంట పత్తి. కడుపుకిచ్చే పంట జొన్న. రైతు ఈ రెంటి నడుమ తేల్చుకోవలసి వచ్చింది.

మూడవ దారి గడియారానిది. 1942 సెప్టెంబరు 1న దేశమంతటా గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. 1945 అక్టోబరు 15 వరకు అదే నడచినది. ఆ లెక్కన చలికాలంలో మాకు ఏడున్నరకు గాని సూర్యోదయం కాదు. పంచాంగం సూర్యోదయం నుండి ఘడియలు లెక్కిస్తుంది గనుక తిథికి, నక్షత్రానికి భంగం లేదు. గడియారం చూచి రాహుకాలం లెక్కించేవారు మాత్రం గంట కలుపుకోవలసి వచ్చింది. చేతిలోని నాణెం కూడా మారినది. 1940లోనే రూపాయిలో వెండి సగానికి తగ్గింది, కాగితపు రూపాయి వచ్చింది. 1943లో రాగి పొదుపు కోసం నడుమ రంధ్రం చేసిన కాణీ వచ్చింది. దానినే మనవారు ఓటికాణీ అన్నారు.

బియ్యం ధరకు, పత్తి బేరానికి, పలుచబడిన రూపాయికి నవాబుగారి సరిహద్దురాయి అడ్డు కాలేదు. సైన్యం లేని ఆ చిన్న దేశం ఎవరి మీదా యుద్ధం ప్రకటించలేదు. అయినా యుద్ధపు ఖర్చును పొరుగు తాలూకాల వలెనే మోసింది.

ఎల్ల నిలిచినది ఒక్కచోట, రాజకీయంలో. 1938 హరిపుర మహాసభలో కాంగ్రెసు, సంస్థానాలలో తన పేరిట పోరాటం నడపరాదని నిర్ణయించింది. నంద్యాలవాసి కాంగ్రెసు పేరు చెప్పి జైలుకు పోవచ్చును. జుర్రేటి ఒడ్డున ఉన్నవాడికి ఆ పేరు కూడా లేదు. 1942లో ఈ తేడా సడలింది. జూలై 29 నాటి ఆంధ్ర కాంగ్రెసు ఆదేశపత్రం ‘కర్నూలు సర్క్యులర్’ అన్న పేరుతో చరిత్రకెక్కింది. తంతితీగలు తెంచవచ్చు గాని పట్టాలు తొలగించరాదు, ప్రాణహాని కూడదు అన్నది అందులోని కట్టడి. ఆగస్టు 8న బొంబాయిలో గాంధీజీ సంస్థానాధీశులను ఉద్దేశించి కూడా మాట్లాడారు. సంస్థాన ప్రజలు తాము భారతజాతిలో భాగమని ప్రకటించుకోవాలన్నారు. మరునాటినుండి అరెస్టులు. పట్టాభి సీతారామయ్యగారు అహమ్మద్‌నగర్ కోటకు చేరారు. ఆంధ్ర కాంగ్రెసు కార్యదర్శిగా పనిచేసిన నీలం సంజీవరెడ్డిగారు ఆ మార్చిలోనే విడుదలై ఆగస్టులో మళ్లీ జైలుకు వెళ్లారు. ఆయననే 1977లో నంద్యాల ప్రజలు లోక్‌సభకు పంపారు.

నా దృష్టిలో చిత్రభాను ప్రాముఖ్యం ఇక్కడే ఉన్నది. మా సీమలోని రెండు ముక్కలను ఆకలి, ధర, గడియారం ఆ ఏడు ఒక్కటిగా చూచినవి. జాతీయోద్యమం కూడా అదే ఏడు వాటిని ఒక్కటిగా పిలిచింది. పటం మారడానికి మరి ఆరేళ్లు పట్టింది. 1948 ఫిబ్రవరిలో బనగానపల్లె భారతదేశంలో విలీనమై కర్నూలు జిల్లాలో కలిసింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె మూడూ ఒకే జిల్లాలోకి వచ్చినవి.

విలీనాల చరిత్ర అనగానే హైదరాబాదు, కాశ్మీరం, జునాగఢ్ అని వ్రాస్తారు. ఫిరంగులు లేకుండా కలిసిన చిన్న దేశాలకు ఒక వాక్యం దక్కితే గొప్ప. అక్కడి ప్రజలు ఏ ధరకు జొన్నలు కొన్నారు, దీపానికి ఏమి వాడారు, కొత్త టైమును ఏమని తిట్టుకొన్నారు అన్నవి చరిత్రలే. ఆనాటికి పదేళ్లున్నవారికి ఇప్పుడు తొంభై దాటినవి. మీ ఇళ్లలో అటువంటి పెద్దలుంటే, వారికి ఓపిక ఉన్న ఒక సాయంత్రం పక్కన కూర్చొని చిత్రభాను సంవత్సరం గురించి అడగండి. చెప్పినది చెప్పినట్లు ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచండి.