నేల విడిచిన నిమిషంలోనే ఇంజను ఆగితే

చిన్న విమానం నేలను వీడి పైకెక్కే తొలి నిమిషం మిక్కిలి క్లిష్టమైనది. ఇంజను పూర్తి బలంతో పనిచేయవలసిన సమయమది. ఎత్తూ తక్కువే, వేగమూ తక్కువే. ఒకే ఇంజను గల విమానంలో అప్పుడు శక్తి క్షీణిస్తే పైలటుకు మిగిలేవి కొన్ని సెకన్లు మాత్రమే.

ఇంజను ఆగినంత మాత్రాన విమానం రాయివలె పడిపోదు. సెస్నా 172 వంటిది వెయ్యి అడుగుల ఎత్తునుండి గాలిలో జారుతూ రెండున్నర కిలోమీటర్లు పోగలదు. అందుకు ముక్కును తక్షణం కిందికి దించి వేగాన్ని నిలుపుకోవాలి.

ప్రాణాంతకమయ్యేది తరచుగా ఇంజను కాదు, వెనుకనున్న రన్‌వేకు మరలిపోవాలనే తలంపు. మలుపు తిరిగేటప్పుడు రెక్క ఒరుగుతుంది. 45 డిగ్రీలు ఒరిగితే రెక్కలు పట్టు కోల్పోకుండా ఉండేందుకు కావలసిన కనీస వేగం సుమారు 19 శాతం, 60 డిగ్రీలయితే 41 శాతం పెరుగుతుంది. పైగా సగం చుట్టు తిరిగితే చాలదు. విమానం పక్కకు జరిగిపోతుంది గనుక రన్‌వేకు సూటిగా రావడానికి ఇంకా తిరగాలి. అందుకే తగిన ఎత్తు లేనప్పుడు ఎదుట కనిపించే పొలంలోనో మైదానంలోనో దిగమని శిక్షకులు బోధిస్తారు.

కారణాలు చాలావరకు సామాన్యమైనవే. పెట్రోలులో చేరిన నీరు బరువెక్కువ కనుక ట్యాంకు అడుగుకు దిగుతుంది. ప్రయాణానికి ముందు అడుగునుండి కొంత ఇంధనాన్ని గాజుపాత్రలోకి తీసి చూడడం ఇందుకే. తేమగాలిలో, అంతగా చలి లేని రోజున సైతం, కార్బ్యురేటరులో మంచు పేరుకోవచ్చు. మోటారుసైకిలు నడిపేవారికి ఈ పరికరం కొత్తది కాదు.

2015 మార్చి 5న అమెరికాలోని శాంటా మోనికాలో సినీనటుడు హారిసన్ ఫోర్డ్ నడిపిన 1940ల నాటి శిక్షణ విమానం ఎగిరిన కొద్దిసేపటికే శక్తి కోల్పోయింది. వెనుదిరగబోయిన ఆయన, రన్‌వే అందదని గ్రహించి గోల్ఫ్ మైదానం వైపు మళ్లించారు. విమానం చెట్టుకొనను తాకి నేలకూలింది. ఆయన తీవ్రంగా గాయపడినా బ్రతికారు. కార్బ్యురేటరులో ఇంధనాన్ని కొలిచి వదిలే జెట్టు మర ఊడి, గాలిలో పెట్రోలు మితిమీరి కలియడమే కారణమని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. ఆ జెట్టును మధ్యమధ్య పరీక్షించమనే సూచన నిర్వహణ పత్రాలలో లేదు. భుజపు పట్టీని సరిగా అమర్చకపోవడం వల్ల గాయాలు మరింత తీవ్రమయ్యాయని కూడా నివేదిక పేర్కొంది.