గరివిడి రాయికి అయస్కాంతం ఎక్కడిది?

విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్ వైపు రైల్లో వెళ్తుంటే నెల్లిమర్ల దాటాక గరివిడి వస్తుంది. ఆ పేరు చెప్పగానే మా వైపు వాళ్ళకి ఫేకర్ ఫ్యాక్టరీ, ఫెర్రో మాంగనీసు గుర్తొస్తాయి. ఖనిజశాస్త్రంలో మాత్రం ఈ ఊరికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఇక్కడ దొరికిన ఒక రకం మాంగనీసు రాయి అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటుంది. ఇందులో వింతేముంది అంటారా? మామూలు మాంగనీసు ఖనిజం అలా అతుక్కోదు మరి.

1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేదాకా చీపురుపల్లి తాలూకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. అంతకు ముందు, బ్రిటిష్ వాళ్ళ కాలంలో, అది విశాఖపట్నం జిల్లా. మన దేశంలో మాంగనీసు తవ్వకం వ్యాపారంగా మొదలైంది ఈ ప్రాంతంలోనే, 1890ల తొలి రోజుల్లో. కోడూరు, గర్భాం గనుల ఖనిజం ఓడలెక్కి విదేశాల ఉక్కు కర్మాగారాలకి పోయేది.

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన లూయిస్ లీ ఫెర్మోర్ ఈ గనులన్నీ తిరిగి, 1909లో వెయ్యి పేజీలు దాటిన గ్రంథం వెలువరించాడు. కోడూరు పేరు మీద ఒక రాయికి ‘కోడురైట్’ అని పేరు పెట్టింది ఆయనే. గరివిడిలోనూ, నాగపూర్ వైపు బెల్‌డోంగ్రిలోనూ కనబడిన అయస్కాంతపు ఖనిజానికి మాత్రం తన సహోద్యోగి వ్రెడెన్‌బర్గ్ పేరు మీద ‘వ్రెడెన్‌బర్గైట్’ అని పెట్టాడు. అదొక కొత్త ఖనిజం అనుకున్నాడు.

తర్వాతి దశాబ్దాల్లో ఆ రాయిని అరగదీసి, నున్నగా చేసి మైక్రోస్కోపు కింద పెడితే అసలు సంగతి బయటపడింది. అందులో ఉన్నవి రెండు ఖనిజాలు: జాకబ్సైట్, హాస్‌మనైట్. బాగా వేడిగా ఉన్నప్పుడు ఒకటిగా ఉన్న పదార్థం చల్లారుతూ సన్నటి పొరలుగా విడిపోయింది. హాస్‌మనైట్‌కి అయస్కాంత గుణం రావాలంటే సున్నాకి దిగువన 230 డిగ్రీల చలి కావాలి. జాకబ్సైట్‌లో మాంగనీసుతో పాటు ఇనుము ఉంటుంది. మామూలు ఉష్ణోగ్రతలో అయస్కాంతాన్ని పట్టుకునేది అదే. అంచేత వ్రెడెన్‌బర్గైట్‌కి ఇవాళ ఖనిజాల జాబితాలో స్వతంత్రంగా చోటు లేదు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, సరిగ్గా ఇదే పొరపాటు మన కాలంలో, అదే మాంగనీసుతో మళ్ళీ జరిగింది. ఈసారి గనిలో కాదు, ల్యాబుల్లో.

జింక్ ఆక్సైడ్ మీకు తెలిసిందే. టైర్లలోనూ, చర్మానికి రాసే క్రీముల్లోనూ వాడే తెల్ల పొడి. అదొక సెమీకండక్టర్ కూడా. మన ప్రాసెసర్ ఎలక్ట్రాన్ చార్జితో లెక్కలు చేస్తుంది, హార్డ్ డిస్క్ అయస్కాంత గుణంతో దాచుకుంటుంది. రెండు పనులూ ఒకే పదార్థం చేస్తే? 2000లో డీట్ల్ బృందం ‘సైన్స్’ పత్రికలో ఒక లెక్క వేసి చూపించింది. జింక్ ఆక్సైడ్‌లో 5 శాతం మాంగనీసు కలిపి, ధనావేశపు ‘హోల్స్’ని తగినన్ని ఉంచగలిగితే, గది ఉష్ణోగ్రతలోనే అయస్కాంతం కావచ్చు అని. ఆ ‘హోల్స్’ దగ్గరే చిక్కు. జింక్ ఆక్సైడ్‌లో సహజంగా మిగిలేవి ఎలక్ట్రాన్లు.

అయినా జనం ఎగబడ్డారు. 2003లో ‘నేచర్ మెటీరియల్స్’లో అయస్కాంతం దొరికిందని ఒక పేపరు వచ్చింది. 2004లో అదే పత్రికలో వేరే బృందం తిరగేసి చెప్పింది: జింక్ ఆక్సైడ్‌లోకి మాంగనీసు వెళ్ళడం వల్ల కాదు, మాంగనీసు ఆక్సైడ్‌లోకి జింకు చొరబడి ఏర్పడిన వేరే పదార్థం వల్ల వచ్చిందని! 2005లో బెంగళూరు నుంచి సి.ఎన్.ఆర్. రావు, దీపక్ తమ నమూనాల్లో ఫెర్రోమాగ్నెటిజం అసలు లేదన్నారు. అదే ఏడాది హాఫ్నియం ఆక్సైడ్ అనే ఇంకో పదార్థం విషయంలో, స్టీలు పట్టకారుతో ముట్టుకున్నా చాలు, నమూనా అయస్కాంతంలా కనబడుతుందని తేలింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2006లో సుందరేశన్, సి.ఎన్.ఆర్. రావు ఏ లోహమూ కలపని జింక్ ఆక్సైడ్ నానో రేణువుల్లోనే బలహీనమైన ఫెర్రోమాగ్నెటిజం చూశారు. ఉపరితలంలో ఆక్సిజన్ లేని ఖాళీలే కారణం కావచ్చన్నారు. అంటే కలిపిన లోహానిదే ఘనత అనడానికి ముందు, కలపని పొడిని కూడా కొలవాలన్నమాట.

మన వృత్తిలో రోజూ చూస్తూనే ఉంటాం. ఎర్రర్ కనబడిన లైనూ, బగ్ ఉన్న లైనూ ఒకటి కాదు. ఇవాళ ఎన్నో కాలేజీల్లో పిల్లలు ఈ పొడులు తయారుచేస్తున్నారు. హిస్టెరిసిస్ లూప్ వచ్చింది, ఇంక పేపరు రాసేద్దాం అనే తొందర ఎవరికైనా ఉంటుంది. వాళ్ళ గైడ్లు ఒక్కసారి గరివిడి రాయి కథ చెబితే బావుంటుందని నా ఉద్దేశం. ఫెర్మోర్‌కి అప్పట్లో మనకున్నన్ని పరికరాలు లేవు. మనకి ఆ సాకు లేదు.