కంప్యూటర్ పిచ్చివాడూ, ఆకాశరామన్నా

కంప్యూటర్ పిచ్చివాడనగానే మనకో బొమ్మ కళ్లముందు మెదులుతుంది. సోడాబుడ్డి కళ్లద్దాలు, దువ్వని జుట్టు, పిలిస్తే పలకని కుర్రాడు! ఆ బొమ్మలో జడ వేసుకున్న పిల్ల ఎప్పుడూ ఉండదేం?

నిజానికి మొదట్లో ఆ పనిలో ముందున్నది ఆడవాళ్లే. 1946లో అమెరికాలో, ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే భారీ యంత్రాన్ని లోకానికి చూపించారు. దానిచేత లెక్కలు చేయించింది ఆరుగురు యువతులు. అది గుమాస్తా పనేలెమ్మని ఆనాటి మగవాళ్లకు చులకన! 1967లో గ్రేస్ హాపర్ అనే నిపుణురాలు కాస్మొపాలిటన్ పత్రికతో మాట్లాడుతూ ప్రోగ్రాం రాయడాన్ని విందు ఏర్పాట్లతో పోల్చింది. ఏది ముందు, ఏది తరువాత అన్నది ముందే ఆలోచించుకోవాలి కదా! పదిమందికి వండి వడ్డించే మనకు ఈ సంగతి వేరే చెప్పాలా?

మరి మనుషులంటే గిట్టని ఆ కుర్రాడు ఎక్కణ్ణించి ఊడిపడ్డాడు? 1966లో కానన్, పెర్రీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1,378 మంది ప్రోగ్రామర్ల ఇష్టాయిష్టాలు ఆరా తీశారు. అందులో ఆడవాళ్లు 186 మందే. ప్రోగ్రామర్లకు చిక్కుముళ్లు విప్పడం ఇష్టమనీ, మనుషులతో దగ్గరగా మెలగడం ఇష్టం ఉండదనీ తేల్చారు. కంపెనీలు పరీక్షలు పెట్టి మరీ అలాంటివాళ్లను ఏరుకున్నాయి. ఏరుకున్నాక, 'చూశారా, వీళ్లంతా ఇంతే' అన్నది లోకం! 1980లలో ఇంటి కంప్యూటర్లను మగపిల్లల ఆటవస్తువులుగా అమ్మారు. అమెరికాలో 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్సు పట్టభద్రుల్లో ఆడపిల్లలు నూటికి 37 మంది. 2010 నాటికి ఇరవై మంది కూడా లేరు.

ఇప్పుడు ఆ కుర్రాడికే ఇంకో నేరం అంటగడుతున్నాం. అదే ట్రోలింగ్, అంటే ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లను రెచ్చగొట్టడం, తిట్టిపోయడం. 1990లలో అది కొత్తవాళ్లకు ఎర వేసి ఆటపట్టించే చిలిపితనమే. తరువాత ముదిరింది. 2014లో అమెరికాలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే స్త్రీలను చంపుతామని బెదిరిస్తే, కొందరు ఇళ్లు వదిలి పోవలసివచ్చింది. 'పాపం, మనుషులతో మెలగడం రానివాడు' అంటూ అలాంటివాణ్ణి వెనకేసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. అదంతా వట్టి సాకు! పెళ్లి సంబంధాలు చెడగొట్టే ఆకాశరామన్న ఉత్తరాలు మనమెరగనివా? ఆ రామన్నకు కంప్యూటరంటే ఏమిటో తెలియదు. మనుషులు మాత్రం బాగా తెలుసు. ఎక్కడ పొడిస్తే నొప్పెడుతుందో ఇంకా బాగా తెలుసు. కావలసిందల్లా తన పేరు బయటపడకపోవడమే.

అంచేత, కంప్యూటర్ ముందు కూర్చున్న మేనల్లుణ్ణి చూసి బెంగపడకండి. పక్కనే ఇంకో కుర్చీ వేసి మేనకోడల్నీ కూర్చోబెట్టండి. మొదట ఆ కుర్చీలో కూర్చున్నది ఆడపిల్లలే!