అప్పగించినదీ మనదే

ఇంటి గుట్టు గడప దాటకూడదన్నది మన పెద్దల కట్టుబాటు. ఆ గుట్టు పౌరుడి హక్కని న్యాయస్థానం చేత అనిపించుకోవడానికి మాత్రం స్వతంత్ర భారతానికి తరాలే పట్టాయి. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, పోలీసు సోదాల సందర్భంలో, అలాంటి హక్కును రాజ్యాంగంలోకి తెచ్చిపెట్టలేమంది. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసు వచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఆయన ఇంటి తలుపు అర్ధరాత్రిళ్లు తట్టేవారు, ఎక్కడికి వెళ్లినా కనిపెట్టి ఉండేవారు. రాత్రి తనిఖీలను సుప్రీంకోర్టు కొట్టివేసింది కానీ, మిగతా నిఘాలో మెజారిటీ న్యాయమూర్తులకు తప్పు కనిపించలేదు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు ఆ తీర్పుతో విభేదించారు. అనుక్షణం కనిపెట్టే కళ్లున్నప్పుడు మనిషికి దేశమంతా చెరసాలేనని, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని రాశారు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు. మైనారిటీ అభిప్రాయంగా మిగిలినా, తర్వాతి చరిత్రకంతటికీ బీజం అక్కడే పడింది.

1975లో గోబింద్ కేసులో కోర్టు ఆ హక్కును తటపటాయిస్తూనే ఒప్పుకుంది. 1996లో టెలిఫోన్ల ట్యాపింగుకు కళ్లెం వేసింది. ఈ వరుసలో తగినంత పేరు రానిది మన హైదరాబాద్ కేసు. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, బ్యాంకులో ఖాతాదారుల పత్రాలను అధికారులు తనిఖీ చేయడానికి దారి తెరిచింది. జిల్లా రిజిస్ట్రారుకూ కెనరా బ్యాంకుకూ మధ్య నడిచిన ఆ వివాదంలో 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణను నిలవనివ్వలేదు. కాగితం బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన దానిపై మనిషికున్న గోప్యత పోదని, గోప్యత చోటును కాదు, మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని చెప్పింది. బ్యాంకుకిచ్చాక ఖాతాదారు గోప్యతను ఆశించలేడని 1976లో అమెరికా సుప్రీంకోర్టు పట్టిన దారిలో మన కోర్టు నడవలేదు. నా దృష్టిలో సోషల్ మీడియా యుగానికి అవసరమైన మూలసూత్రం ఇదే.

విచిత్రంగా ఆర్కుట్, ఫేస్‌బుక్ పుట్టిందీ ఆ 2004లోనే. ఆర్కుట్ స్క్రాప్‌బుక్‌లో రాసుకున్న పలకరింపులను దారినపోయేవారు కూడా చదివేవారు. అప్పట్లో అదొక ముచ్చట. 2006లో ఫేస్‌బుక్ న్యూస్‌ఫీడ్ తెచ్చినప్పుడు వాడుకదారులు లక్షల్లో తిరగబడ్డారు. అందులో కొత్తగా బయటపడ్డ రహస్యమంటూ లేదు. ఎవరి పేజీకి వెళితే వారి కబురు తెలిసే చోట, అందరి కబుర్లూ దండోరా వేసినట్టయింది. ఒక చోట ఒకరి కోసం చెప్పిన మాట అక్కడే ఉండాలన్న ఆశ ఆనాడు గట్టిగా వినిపించింది. 2016లో వాట్సాప్ తన వాడుకదారుల వివరాలను ఫేస్‌బుక్‌తో పంచుకోబోతే ఢిల్లీ హైకోర్టు గడప తొక్కింది విద్యార్థులే.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. అయిదున్నర దశాబ్దాల కిందటి సుబ్బారావు మాట చట్టమైంది. ఆ తొమ్మిది మందిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఉండటం తెలుగువారికి గర్వకారణం. మరుసటి ఏడాదే ఫేస్‌బుక్ వాడుకదారుల వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థకు చేరిన వ్యవహారం బయటపడింది. ఒక యాప్‌లో వ్యక్తిత్వ పరీక్ష రాసినవారు సుమారు 2.7 లక్షల మంది. వారి ద్వారా, స్నేహితులతో కలిపి గరిష్ఠంగా 8.7 కోట్ల మంది వివరాలు చేతులు మారి ఉండొచ్చని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. ఒకరి అంగీకారం మరొకరి గుట్టును ఎలా రట్టు చేస్తుందో ప్రపంచానికి తెలిసింది.

మనకు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. 18 ఏళ్లు నిండనివారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంది. అయితే ఎవరైనా తమంతట తాము బహిరంగంగా పెట్టిన వివరాలను పరిధి నుంచి తప్పించింది. స్నేహితుల కోసమే పెట్టిన ఫొటో, కుటుంబ గ్రూపులో చెప్పుకున్న జబ్బు సంగతి ఆ బహిరంగం కిందికి రాకుండా చూడటం ఇక డేటా రక్షణ బోర్డు, న్యాయస్థానాల వంతు. కెనరా బ్యాంకు తీర్పు వారి ముందే ఉంది.