పాపనికొలావ్ పరిశోధన పత్రాలు: పాప్ స్మియర్ చరిత్ర

జార్జ్ పాపనికొలావ్ (1883–1962) గ్రీసులో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్య శాస్త్రవేత్త. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముదరకముందే పసిగట్టే పాప్ స్మియర్ పరీక్ష ఆయన పేరు మీదనే వాడుకలో ఉంది. ఈ పరీక్ష గురించి ఆయన వెలువరించిన మొదటి పత్రాన్ని వైద్యలోకం పట్టించుకోలేదు. దాదాపు అదే సంగతి చెప్పిన మరో పత్రం పదమూడేళ్ల తర్వాత చరిత్రకెక్కింది.

యూబియా ద్వీపంలోని కీమీ ఆయన స్వస్థలం. ఏథెన్స్‌లో వైద్యం చదివి, మ్యూనిక్‌లో డాక్టరేట్ పొంది, 1913లో భార్య ఆండ్రోమాకీతో న్యూయార్క్ చేరాడు. బతుకుతెరువు కోసం గింబెల్స్ దుకాణంలో తివాచీలు అమ్మే పనికి కుదిరాడు, ఆమె బొత్తాలు కుట్టింది. మరుసటి ఏడు కార్నెల్ వైద్య కళాశాలలో చార్లెస్ స్టాకార్డ్ దగ్గర ఉద్యోగం దొరికింది.

అక్కడ ఆయన చేపట్టిన పనికీ క్యాన్సర్‌కూ సంబంధమే లేదు. గినీ పందుల అండాలు సరైన దశలో ఎప్పుడుంటాయో జంతువును చంపకుండా తెలుసుకోవాలి. ముక్కు పరీక్షకు వాడే చిన్న స్పెక్యులమ్‌తో యోని స్రావం తీసి, గాజు పలక మీద పూసి, మైక్రోస్కోపు కింద చూశాడు. కణాల రూపం రోజురోజుకూ మారుతూ, సుమారు పదహారు రోజులకు మళ్లీ మొదటికి వస్తోంది. స్టాకార్డ్‌తో కలిసి 1917లో ప్రచురించిన ఈ ఫలితం ఎలుకల మీదా, ఇతర జంతువుల మీదా హార్మోన్ పరిశోధనలకు దారి తీసింది. క్యాన్సర్ మాట అటుంచితే, శాస్త్రవేత్తగా ఆయనకు పేరు తెచ్చింది ఇదే. తర్వాత అదే పద్ధతిని స్త్రీలకు అన్వయించాడు. ఏళ్ల తరబడి నమూనాలిచ్చింది ఆండ్రోమాకీ. ప్రయోగశాలలో చాకిరీ చేసిందీ ఆమే. క్యాన్సర్ నిర్ధారణను ప్రకటించిన 1928, 1941 పత్రాల రచయితల్లో మాత్రం ఆమె పేరు లేదు.

ఆసుపత్రి రోగుల స్మియర్లు చూస్తుండగా క్యాన్సర్ కణాలు కంటబడ్డాయి. 1928 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్‌లో ఈ సంగతి ప్రకటించాడు. అయితే అది వైద్యుల సభ కాదు, జాతి ఉన్నతి పేరుతో జరిగిన యూజెనిక్స్ సమావేశం. ఆ సభల సంపుటంలో అచ్చయిన వ్యాసం స్త్రీవైద్యుల చేతికి చేరడమే కష్టం. చేరినా, ముక్క కోసి చూసే బయాప్సీ ఉండగా రాలిన కణాలతో పనేమిటన్నది నాటి పాథాలజిస్టుల వాదన.

ఇంతలో బుకారెస్ట్‌లో ఆరెల్ బాబెష్ అనే వైద్యుడు ఇదే దారిలో మరికొంత ముందుకు వెళ్లాడు. ప్లాటినం తీగ చుట్టతో నేరుగా ముఖద్వారం నుంచే కణాలు తీసి, గీమ్సా రంగు వేసి చూసేవాడు. 1927 జనవరిలో స్థానిక వైద్య సంఘానికి నివేదించి, 1928 ఏప్రిల్‌లో లా ప్రెస్ మెడికాల్ పత్రికలో ఫ్రెంచిలో ప్రచురించాడు. ఇద్దరూ ఒకరి పని ఒకరు ఎరగకుండానే చేశారన్నది న్యాయమైన నిర్ణయంగా తోస్తుంది. పత్రికలో విడి వ్యాసంగా వచ్చిన బాబెష్ రచనకే నిజానికి చదువరులు ఎక్కువ దొరకాలి. అలా జరగలేదు. రుమేనియాలో మాత్రం నేటికీ ఈ పరీక్షను ఇద్దరి పేర్లూ కలిపి పిలుస్తారు.

పాపనికొలావ్ దశ తిరిగింది 1939లో. కొత్తగా విభాగాధిపతి అయిన జోసెఫ్ హిన్సీ క్యాన్సర్ పనిని మళ్లీ ఎత్తుకోమని ప్రోత్సహించాడు. స్త్రీవైద్యుడు హెర్బర్ట్ ట్రౌట్ జతకలిశాడు. రోగులు, బయాప్సీ ఫలితాలతో పోలిక, స్త్రీవైద్యులు చదివే పత్రిక: 1928లో లోపించినవన్నీ ఇప్పుడు సమకూరాయి. 1941 ఆగస్టులో అమెరికన్ జర్నల్ ఆఫ్ అబ్‌స్టెట్రిక్స్ అండ్ గైనకాలజీలో ఇద్దరి పత్రం వెలువడింది. కణాలకు రంగు వేసే కొత్త విధానాన్ని 1942లో సైన్స్ పత్రిక ప్రచురించింది. ప్రయోగశాలలు ఈనాటికీ వాడుతున్నది దాని మెరుగుపడ్డ రూపాలే. 1943లో వచ్చిన పుస్తకానికి హషిమె మురయామా అనే చిత్రకారుడు కణాల బొమ్మలు రంగుల్లో గీశాడు. ఆయన కుంచె లేకపోతే ఆ పుస్తకం చూసి కణాలను గుర్తుపట్టడం అంత తేలికయ్యేది కాదు. 1950లో పాపనికొలావ్‌కు లాస్కర్ అవార్డు దక్కింది, నోబెల్ రాలేదు.

ఆయన ప్రభావాన్ని ఉల్లేఖనల లెక్కతో కొలవబోతే చిక్కే. యూజీన్ గార్ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదలైంది 1964లో, అంటే ఆయన పోయిన రెండేళ్లకు. పైగా బాగా స్థిరపడిన పద్ధతికి ఎవరూ మూలపత్రాన్ని ఉదహరించరు. పాప్ స్మియర్ అనేసి ముందుకు సాగిపోతారు. జ్ఞానం అందరి సొత్తయ్యేకొద్దీ మూలం కనుమరుగవుతుందని సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గమనించింది ఇదే.

1983లో హారల్డ్ జుర్ హౌసెన్ బృందం ఈ క్యాన్సర్ కణితుల్లో హెచ్‌పీవీ 16 రకం వైరస్‌ను కనిపెట్టాక పరిశోధన అటు మళ్లింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా గ్రామాల్లో లక్షా ముప్పై వేలకు పైగా స్త్రీలతో రంగస్వామి శంకరనారాయణన్ బృందం జరిపిన అధ్యయనం 2009లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్ష మరణాలను దాదాపు సగానికి తగ్గించింది. ఒక్కసారి చేసిన పాప్ స్మియర్ వల్ల చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చేస్తేనే అది ఫలితమిస్తుంది. అందుకు తగిన ప్రయోగశాలలు, శిక్షణ పొందిన సిబ్బంది పల్లెల్లో అందుబాటులో లేరు. ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలకు మొదటి పరీక్షగా హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షనే చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది.